పసుపు సీసా మాత్ర

కాంపౌండర్ మునెయ్య శవం బకింగ్‌హాం కాలవలో తేలింది. వీపులో తుపాకి గుండు. ఆ వారమే గూడూరు స్టేషన్లో నిమ్మకాయల బస్తాల చాటున చీఫ్ పద్మనాభయ్య ఏజెంట్ పోలేరయ్యను కలుసుకున్నాడు. అది 1962.

“కాయలు పుల్లగా ఉన్నాయా?”

“పళ్లు జివ్వుమంటున్నాయి.”

కోడ్ సరిపోయింది. చీఫ్ గొంతు తగ్గించాడు.

“మైపాడు దగ్గర ఆస్పత్రిలో కీళ్లవాతానికి మన చౌక మందు మీద రిసెర్చ్ జరుగుతోంది. సగంమందికి మందు, సగంమందికి ఉత్త సుద్దమాత్ర. ఏ సీసాలో ఏముందో తెలిసింది మునెయ్యకే. విదేశీ ముఠా అతని చేత కక్కించి చంపింది. మన మందు ప్రాణాలు తీస్తుందని చాటి, తమ ఖరీదు మందు అమ్ముకోవాలని వాళ్ల ప్లాన్. నువ్వు రోగిగా చేరు.”

“వేషం అక్కర్లేదు సార్.” పోలేరయ్య ఉబ్బిన వేళ్లు చూపించాడు. తెల్లవారితే అవి చొక్కా గుండీ కూడా పెట్టలేవు, పొద్దెక్కితేగాని వంగవు. ఈ వయసులో ఇదేం దిక్కుమాలిన రోగం! ఇక తనను ఆఫీసు కుర్చీకి కట్టేస్తారనుకుంటేనే అతనికి ఒళ్లు మండేది.

“అక్కడ డాక్టర్ ఆనందకుమారి మన ఏజెంటే. నమ్ము.”

నమ్మాడు. షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు! ఆమె వస్తే మూలిగేవాళ్లు కూడా మూలుగు మరిచిపోయేవారు. మాత్రలు తన చేత్తోనే ఇచ్చేది. పోలేరయ్యది పసుపు సీసా. వారాలు గడిచినా అతని వేళ్లు కొయ్యముక్కల్లాగే ఉన్నాయి. నాట్లు వేయలేక వచ్చిన పిచ్చమ్మది ఎర్ర సీసా. ఆమె మాత్రం చకచకా తిరుగుతూ అందరినీ ఆటపట్టించేది.

ఒక తెల్లవారుజామున ఆ పిచ్చమ్మే వరండాలో కూలిపోయింది.

“అబ్బయా, వొళ్లంతా నీళ్లయిపోతా ఉండాది.”

పోలేరయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నాడా? వేళ్లు వంగాయి! సంతోషించే తీరిక లేదు. మందు తనకొస్తోందంటే పిచ్చమ్మకు సుద్ద పోతోందన్నమాట. ఈ మందు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుందని చేరిననాడే చెప్పారు. అప్పుడు కాపాడేది ఇంజెక్షన్ ఒక్కటే. ఆ ఇంజెక్షన్ల పెట్టె ఆనందకుమారి దగ్గర ఉంటుంది.

ఆమె గదిలో లేదు. కాలవ రేవులో మద్రాసు పడవ ఎక్కబోతోంది. ఒక చేతిలో ఇంజెక్షన్ల పెట్టె, ఇంకో చేతిలో పిస్టల్.

“ఆగండి డాక్టర్!” పోలేరయ్య చేతికర్ర ఎత్తాడు. అందులో తూటా, పిడి కింద మీట.

ఆమె పకపకా నవ్వింది. “ఆ కర్ర సంగతి నన్ను తన మనిషనుకుని మీ చీఫే చెప్పినాడు. నొక్కు చూద్దాం! ఈ వేళప్పుడు నీ వేలు వంగదు, పాపం.”

“పిచ్చమ్మ చచ్చిపోతుంది!”

“చావాలనే కదా ఈ తంటా అంతా! మునెయ్య దగ్గరికి నువ్వు కూడా పో.”

పెట్టెను నీళ్ల మీదికి చాచి, పిస్టల్ అతని గుండెకు గురిపెట్టింది.

ఢాం!

పిస్టల్ కాలవలో పడింది. ఆమె మణికట్టు పట్టుకుని కూలబడింది. అంచు మీద నుంచి జారిపోతున్న పెట్టెను పోలేరయ్య ఒడిసిపట్టాడు.

“ఎట్టా... నీ వేలు ఎట్టా వంగింది?”

“మందు పారేస్తే మాత్రల లెక్క తగ్గి దొరికిపోతారని పిచ్చమ్మ సీసాలోవి, నా సీసాలోవి తారుమారు చేసినారు. ఎవరికి పోతుందో చూసుకున్నారుగానీ, ఎవరికి వస్తుందో చూసుకోలేదు!”

ఇంకొంచెం ఆలస్యమైతే ఇంజెక్షన్ కూడా పనిచేసేది కాదు. మధ్యాహ్నానికి పిచ్చమ్మ కళ్లు తెరిచింది.

“ఆ డాక్టరమ్మ యాడ?”

“రిసెర్చ్ మానేసిందక్కా,” అన్నాడు పోలేరయ్య, చొక్కా గుండీలు తనే పెట్టుకుంటూ. “చెయ్యి నొప్పంట.”