గ్రాఫ్‌లో పడని గుంట

"లాబ్‌లోని ప్రొఫెసర్ని వదిలెయ్. ఆయన మన మనిషి," అన్నాడు చీఫ్. "రెండేళ్ళుగా విదేశీ ముఠా రహస్యాలు మనకు చేరవేస్తున్నది ఆయనే. గేట్లో కూడా ఆయన్ని తనిఖీ చెయ్యరు. నువ్వు మిగతావాళ్ళని చూడు."

ఏజెంట్ తల ఊపాడు. అడుగు చప్పుడు వినపడదని డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ 'పిల్లి' అంటారు. మిషన్ సింపుల్. లేజర్ లాబ్‌లో ఒక కొత్త యంత్రం తయారైంది. సూది గుచ్చకుండా, చర్మం మీద కాంతి ప్రసరింపజేసి లోపల కొవ్వు ఎంతుందో చెబుతుంది. దాన్ని నాశనం చెయ్యాలని ఆ విదేశీ ముఠా కాచుకుని ఉంది. ఎందుకో తెలియదు. శుక్రవారం ప్రదర్శన. అప్పటిదాకా పిల్లి ఏసీ మెకానిక్ వేషంలో ఉండాలి.

చిక్కల్లా ఒకటే. ఆ యంత్రం కనిపెట్టిన సైంటిస్టు అతని భార్య. లాబ్‌లో ఇద్దరూ ముక్కూమొహం తెలియనట్టు నటించాలి.

అతికించుకున్న మీసంతో నిచ్చెన మీద నిలబడి, కింద భార్య ఇంకొకడి జోకులకు నవ్వుతుంటే వినడం అతని డ్యూటీ అయింది. ప్రొఫెసర్‌ది బానపొట్ట. అయినా మనిషి అందగాడు. "మేడమ్, నా పొట్ట మీద లైటు వేస్తే మీ యంత్రమే సిగ్గుపడుతుంది," అనేవాడు. ఆమె పగలబడి నవ్వేది. ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో పిల్లికి గుర్తు రాలేదు. ఒళ్ళు మండిపోయేది. స్క్రూలు బిగిస్తూ ప్రొఫెసర్ ప్రతి కదలికనూ కళ్ళార్పకుండా చూసేవాడు.

బుధవారం సాయంత్రం భార్యతో అన్నాడు. "ప్రొఫెసర్‌ది దొంగపొట్ట."

"నీకు ఆయన్ని చూస్తే మంట," అంది ఆమె, బట్టలు మడతపెడుతూ.

"మంటే. కాదన్నానా? కానీ వాడు నవ్వితే భుజాలు ఊగుతాయి, పొట్ట ఊగదు."

ఆమె చేతిలో చొక్కా ఆగింది. "సరే. నాకూ అనుమానం వస్తే 'ఏసీ కారుతోంది' అంటాను."

శుక్రవారం పదిగంటలకు హాలు నిండింది. ముందు వరసలోని అతిథి ఒకాయన, "మొదట ప్రొఫెసర్‌గారినే కొలవండి," అన్నాడు. తప్పించుకునే దారి లేక ప్రొఫెసర్ చెయ్యి చాపాడు.

"కొవ్వు ఒక రకం కాంతిని మింగేస్తుంది," అని ఆమె అందరికీ వివరించింది. "అక్కడ గ్రాఫ్‌లో ఈ గీత కిందికి దిగి గుంట పడుతుంది. గుంట ఎంత లోతుంటే కొవ్వు అంత."

స్క్రీన్ మీద పడీపడనట్టు చిన్న గుంట. పరుగుపందేల మనిషి చెయ్యి అది. ఆమె ఒకసారి స్క్రీన్ చూసింది, ఒకసారి పొట్ట చూసింది. నవ్వుతూనే చొక్కా గుండీల సందులోంచి కాంతి వచ్చే ప్రోబ్ కొనను పొట్టకు ఆనించింది.

గుంట పడలేదు. గీత తిన్నగా సాగిపోయింది.

"ఏసీ కారుతోంది," అంది ఆమె, నవ్వు చెదరకుండా.

పిల్లి నిచ్చెన మీంచి ప్రొఫెసర్ మీదికి దూకాడు. ఇద్దరూ కిందపడ్డారు. ప్రొఫెసర్ బొటనవేలు వాచీ మీద బటన్ నొక్కేసింది. "నలభై సెకన్లు," అన్నాడు రొప్పుతూ. "నన్ను పోనీ. నువ్వూ పారిపో."

పిల్లి కటింగ్ ప్లయర్‌తో వీపు మీది పట్టీలు తెంపాడు. రబ్బరు పొట్ట ఊడి చేతికొచ్చింది. లోపల బాంబు మీద ఎర్రదీపం వేగంగా కొట్టుకుంటోంది. భార్య అప్పటికే లేజర్ గది ఇనుప తలుపు తెరిచి పట్టుకుంది. అతను విసిరాడు. ఆమె మూసింది. గడియ పడిందో లేదో, భవనం అదిరింది. తలుపు ఉబ్బింది కానీ ఊడలేదు.

విచారణలో ప్రొఫెసర్ అన్నీ కక్కాడు. సందడిలో పొట్ట విప్పి యంత్రం కింద పెట్టి జారుకోవాలన్నది ప్లాన్. ముఠా మనుషులు దొంగపొట్టల్లోనే ఆయుధాలు విమానాశ్రయాలు దాటిస్తున్నారు. ఈ కాంతి పడితే ఒక్కడూ తప్పించుకోలేడు. చీఫ్ ప్రొఫెసర్ గేటు పాస్ చించి చెత్తబుట్టలో వేశాడు.

తర్వాత రిపోర్టు ఫారం ఇచ్చాడు. 'అనుమానానికి మొదటి ఆధారం' అన్న గడిలో పిల్లి 'శాస్త్రీయ పరిశీలన' అని రాశాడు. సాక్షిగా సంతకం చెయ్యాల్సింది భార్య. ఆమె చదివి, ఆ రెండు మాటలూ కొట్టేసి, పైన 'అసూయ' అని రాసి, నిజమేనని ధ్రువీకరిస్తూ సంతకం పెట్టింది.