తేలికైన ఓవెన్లు

“అమ్మిన కంపెనీయే పాత సామాను వెనక్కి తీసుకోవాలి. విడగొట్టించాలి. సర్టిఫికెట్ చూపించాలి. చట్టం ఇంతే. ఈ కంపెనీ సర్టిఫికెట్లు చూపిస్తోంది, ఓవెన్లు మాత్రం విదేశాలకు ఓడెక్కుతున్నాయి.”

బ్రీఫింగ్ ముగించి చీఫ్ గోరంత ట్రాకర్ చేతిలో పెట్టాడు. ఏజెంటు దాన్ని ఒక చచ్చిన మైక్రోవేవ్ ఓవెన్‌లో అమర్చి, పెన్షనరు వేషంలో కంపెనీ సేకరణ కేంద్రంలో ఇచ్చి వచ్చాడు. అతని కోడ్ నేమ్ స్క్రూ. డిపార్ట్‌మెంట్‌లో మిగతావాళ్లకు పులుల పేర్లు, డేగల పేర్లు దక్కాయి. ఇతని ముఖానికి ఇదే రాసిపెట్టి ఉంది.

చీఫ్‌కు అతను చెప్పని సంగతి ఒకటుంది. ఆ ఓడ వెళ్లేది అతని అక్క ఉండే ఊరికే. అక్కడి తుక్కు యార్డులో రాగి కోసం పన్నెండేళ్లు వైర్లు కాల్చి, అక్క ఇప్పుడు మంచం నుంచి గుమ్మం దాకా నడవడానికి రెండుసార్లు ఆగుతోంది. ఈ సరుకు దిగగానే యార్డు మళ్లీ తెరుస్తారు. అక్క స్థానంలో ఆమె కూతుర్ని రమ్మన్నారు. ఆ మేనకోడలి కోసమే అతను ఈ మిషన్ అడిగి మరీ తీసుకున్నాడు.

శుక్రవారం, మధ్యాహ్నం మూడూ నలభై. నాలుగింటికి ఓడ బయలుదేరుతుంది. క్రేన్ మెకానిక్ వేషంలో రేవులోకి దూరిన స్క్రూ స్క్రీన్ చూసి బిగుసుకుపోయాడు. సిగ్నల్ కంటైనర్లోంచి రావడం లేదు. సరిగ్గా తన వెనకనుంచి వస్తోంది.

“మీదే అనుకుంటా,” అంటూ వెనక నిలబడ్డ నీలం అనే ఆమె తన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ట్రాకర్ తీసి, కింద పడేసి, హైహీల్‌తో నలిపేసింది. ఆమె కంపెనీలో లీగల్ మేనేజరు. రెండేళ్లుగా డిపార్ట్‌మెంట్‌కు లోపలి కబుర్లు చేరవేసే మనిషి. డిపార్ట్‌మెంట్ కబుర్లు ఈ ఓవెన్లు దాటించే విదేశీ ముఠాకు కూడా చేరవేస్తోందని స్క్రూకు అప్పుడు అర్థమైంది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

కంటైనర్ కాగితాల్లో ‘వాడకానికి పనికొచ్చే ఓవెన్లు’ అని ఉంది. పనికొచ్చేవి పంపొచ్చు, చెత్త పంపకూడదు. కస్టమ్స్ అధికారి సంతకానికి పెన్ను తీశాడు. స్క్రూ ఐడీ చూపించి, ఒక్కసారి తెరవమని బతిమాలాడు. ముందు వరుసలోని ఓవెన్‌కి ప్లగ్గు పెట్టగానే లైటు వెలిగింది. మధ్యలోంచి ఇంకొకటి లాగాడు. అది వెలగలేదు.

“దారిలో కుదుపులకి ఫ్యూజు పోయుంటుంది సార్,” అంది నీలం తాపీగా. “రిపేరయ్యేవి పంపొచ్చని రూల్లోనే ఉంది.”

ఉంది మరి. అధికారి వాచీ చూసుకున్నాడు. ఇంకా ఏడు నిమిషాలు.

దిక్కుతోచక స్క్రూ ఫోన్ తీశాడు. చీఫ్‌కు చేయలేదు. అక్కకు చేసి, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాడు. అవతల అక్క ఆయాసపడుతూ అడిగింది.

“ఎత్తి చూశావా?”

“ఏంటక్కా?”

“కుడిపక్క పట్టుకుని ఎత్తరా. ట్రాన్స్‌ఫార్మర్ బరువంతా అటే ఉండాలి. మాకొచ్చేవాటిలో చాలావరకు తేలిగ్గా ఉంటాయి. అక్కడి లోడింగోళ్లు రాగి ముందే లాగేసుకుంటారు. మాకు మిగిలేది... పొగే.”

ఎత్తాడు. ఓవెన్ ఎంత తేలిగ్గా లేచిందంటే అతను వెనక్కి తూలాడు. వెనక స్క్రూలు విప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ లేదు, బోర్డు లేదు, కత్తిరించిన వైర్ల కొసలు తప్ప ఏమీ లేవు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. కాగితాలు, ముందు వరుస, నీలం, అన్నీ చూసుకున్న ముఠా తన సొంత కూలీల చేతివాటం మాత్రం చూసుకోలేదు.

అధికారి పెన్ను మూసేశాడు. “మేడమ్, రిపేర్ చేయడానికి లోపల ఏదో ఒకటి ఉండాలి కదా.”

ఓడ కూతపెట్టి ఆ కంటైనర్ లేకుండానే కదిలింది. సరుకంతా కంపెనీయే సొంత ఖర్చుతో వెనక్కి తీసుకుని, ఇన్‌స్పెక్టర్ల ఎదుట విడగొట్టించాలని సాయంత్రానికి ఆర్డరు వచ్చింది.

“పిల్ల యార్డుకి వెళ్లక్కర్లేదక్కా,” అని చెప్పాడు ఫోన్లో. అక్క ఏడ్చింది. ఏడవడానికి కూడా ఊపిరి చాలక మధ్యలో ఆగిపోయింది. అతను మాత్రం ఆగలేకపోయాడు.

మర్నాడు చీఫ్ నుంచి కవరు వచ్చింది. మెచ్చుకోలు అనుకుని ఆత్రంగా చింపాడు. లోపల ఒకటే లైను: ‘నలిగిన ట్రాకర్‌ను చట్టప్రకారం విడగొట్టించినట్టు సర్టిఫికెట్ జతచేయగలరు.’