పెరట్లో తెల్ల బకెట్టు

శుక్రవారం పొద్దున్నే వాగియెం స్నానాలగది తొట్టి ఖాళీ చేసి, లోపలి గోడలు బరబరా తోముతోంది. జోగ్జకర్తాలోని ఆ సందులో నీళ్ళ తొట్టి లేని ఇల్లు లేదు గానీ, ఇంత కసిగా తోమే మనిషి మాత్రం ఇంకొకరు లేరు. ఇరవై ఏళ్ళ క్రితం తొమ్మిదేళ్ళ కూతురు వెనింగ్‌ను డెంగీ జ్వరం పొట్టన పెట్టుకుంది. అప్పటినుంచి దోమ కనిపిస్తే చాలు, ఆవిడకు పూనకం వచ్చేస్తుంది.

కోడలు నస్తితి గబగబా తయారై బయటికి వచ్చింది. అంత ఉక్కలోనూ మణికట్టు దాకా పొడుగు చేతుల చొక్కా.

"ముఖం పీక్కుపోయిందేమే? కూర్చో, వీపు గీకుతాను."

ఒంట్లో నలతగా ఉంటే బామ్ రాసి, నాణెంతో వీపు ఎర్రబడేదాకా గీకడం అక్కడివాళ్ళ ఇంటివైద్యం. వాగియెం చేయి పడితే సగం జబ్బు పోయినట్టేనని సందంతా చెప్పుకుంటారు. ఒక్క కోడలే ఆర్నెల్లుగా ఆవిణ్ణి దగ్గరికి రానివ్వడం లేదు.

"వద్దత్తయ్యా, ఆ బామ్ వాసన నాకు పడదు."

"పెళ్ళయిన కొత్తలో బాగానే పడిందిగా! వాసన పడట్లేదా, నా చేయి పడట్లేదా?"

నస్తితి చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. విశ్వవిద్యాలయంలో ఏదో ఆఫీసు పనట. ఏ ఆఫీసని అడిగితే మాట దాటేస్తుంది.

మొన్న ఉట్టి మీది గిన్నె అందుకుంటుంటే ఆమె చొక్కా చేయి జారింది. మోచేతి కింద గ్లాసు మూతంత గుండ్రంగా, ఎర్రటి దద్దుర్లు! ఆ సంగతి కడుపులో దాచుకోలేక వాగియెం ఎదురింటి ముర్తినా చెవిన వేసింది.

"మత్తు సూదులేమో చూసుకో వదినా. లేకపోతే ఏ మంత్రగాడైనా పెట్టిన వాతలేమో" అంది ముర్తినా, పుండు మీద కారం చల్లినట్టు.

ఆ మాట బుర్రలో తొలుస్తుండగానే వాగియెం చెత్త పారబోయడానికి పెరట్లోకి వెళ్ళింది. బొప్పాయి చెట్టు వెనక మూత పెట్టిన తెల్ల బకెట్టు ఒకటి కనిపించింది. పక్కలకు చిన్న చిన్న కన్నాలు. మూత తీసి చూస్తే నీళ్ళలో దోమపిల్లలు లుకలుకలాడుతున్నాయి.

తన ఇంట్లో, మనవడు ఆడుకునే పెరట్లో ఎవరో దోమల్ని పెంచుతున్నారు! పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళు తెచ్చి బకెట్లో పోసేసింది. తర్వాత మనవడు రాకా బట్టలు సంచీలో కుక్కింది.

మధ్యాహ్నం కొడుకు హందోకో, నస్తితి ఒకే బండి మీద వచ్చేసరికి ఆవిడ గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఒళ్ళో రాకా, పక్కన సంచీ, ఎదురుగా బోర్లించిన బకెట్టు.

"అమ్మా, ఏమిటిది?"

"అది నేనడగాలిరా. వీణ్ణి తీసుకుని వోనోసారిలో మా చెల్లెలింటికి పోతున్నాను. మీరు ఆ దోమలతోనే కాపురం చేసుకోండి."

"అయ్యో, అవి చంపే దోమలు కావత్తయ్యా. వాటి ఒంట్లో పరిశోధనవాళ్ళు ఒక సూక్ష్మజీవిని ఎక్కించారు. అదుంటే డెంగీ ఆ దోమలో పెరగలేదు. ఇవి ఎగిరిపోయి ఊరి దోమలతో కలిస్తే వాటి పిల్లలకీ అదే వస్తుంది."

"నీకెవరు చెప్పారే ఈ కథలు?"

నస్తితి చొక్కా చేయి పైకి మడిచింది. దద్దుర్లు బయటపడ్డాయి. "నేను పనిచేసేది ఆ పరిశోధనవాళ్ళ దగ్గరే. ఆడదోమ గుడ్లు పెట్టాలంటే రక్తం కావాలి. వల కట్టిన డబ్బా చేతి మీద పెట్టుకుంటాం, అవి తాగుతాయి. బామ్ వాసనొస్తే వాలవు. అందుకే మిమ్మల్ని రాయనివ్వలేదు."

వాగియెం కొడుకు వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"బకెట్టుకి ఒప్పుకున్నది నేనేనమ్మా."

"అంటే ఈ ఇంట్లో వెర్రిదాన్ని నేనొక్కదాన్నే! నా బిడ్డని తిన్నదానికి నా కోడలు నెత్తురు పోసి పెంచుతోంది. నా కొడుకు దానికి నా పెరట్లోనే చోటిచ్చాడు. అడిగితే వద్దంటానని దాచారు, అంతేగా?"

"వద్దంటారని కాదు" అంది నస్తితి. "మీ ముందు దోమ మాటెత్తితే వెనింగ్ గుర్తొస్తుంది. వెనింగ్ గుర్తొస్తే మీరు నన్నొక చూపు చూస్తారత్తయ్యా. బళ్ళో ఇద్దరం ఒకే బెంచీ, ఒకే వారం డెంగీ జ్వరం, ఆసుపత్రిలో పక్కపక్క మంచాలు. అది పోయి ఇదెందుకు బతికిందా అన్న చూపు. ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచీ చూస్తున్నాను."

హందోకో తల దించుకున్నాడు. కోడలు చెప్పింది అక్షరాలా నిజం. ఇన్నేళ్ళూ వాగియెం కోడలి ప్రతి పనిలోనూ తప్పు వెతికింది ఆ ఒక్క కారణానికే. సిగ్గుతో ఆవిడ ముఖం కిందికి వాలిపోయింది.

మెల్లగా అడిగింది. "ఆ చివరి సాయంత్రం ఆసుపత్రి నుంచి బట్టలకోసం నేను ఇంటికొచ్చాను. అప్పుడు... వెనింగ్ ఏమైనా అందా?"

ఇరవై ఏళ్ళలో ఆవిడ నోట ఆ ప్రశ్న రావడం అదే మొదటిసారి.

"అంది. 'అమ్మ వచ్చేసరికి నేను నిద్రపోతే లేపవే, లేకపోతే అమ్మ నన్ను లేపకుండా కూర్చుంటుంది' అంది. మీరు తలుపు తీయగానే నేను మంచం దిగి దాన్ని లేపాను."

వాగియెం నివ్వెరపోయింది. తను లోపలికి అడుగు పెట్టగానే వెనింగ్ కళ్ళు తెరిచి నవ్వింది. ఆ తర్వాత మళ్ళీ తెరవలేదు. ఆ ఒక్క నవ్వు పట్టుకునే ఆవిడ ఇన్నేళ్ళూ బతికింది.

"నువ్వా లేపింది?" అంది. మరుక్షణం కోడల్ని గుండెకు హత్తుకుని, చంటిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.