తెరుచుకోని గాదె

హనుమక్క చేటలో కొర్రలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. అవి భర్త ఓబులేసు వాటా. ఆమె వాటా ఉన్న అరను గాదె పదకొండు రోజులుగా తెరవలేదు.

2084 నాటికి ఆ కరువు సీమలో ప్రతి ఇంటికీ ఒక యంత్రగాదె ఉండేది. ప్రతి ఒక్కరి ముంజేతి చర్మం కింద బియ్యపుగింజంత సెన్సర్ అమర్చేవారు. దాని పేరు 'ఆకలికొలత'. రక్తంలో చక్కెర తగ్గితే ఆకలి, పెరిగితే తిన్నట్టు. ఉన్న కొద్ది గింజలూ ఆకలిగా ఉన్నవాళ్ళకే చేరాలని అలా చేశారు.

ఆమె చేట పక్కన పెట్టి లేచి, గాదెకు చెయ్యి ఆనించింది.

"చక్కెర రెండు వందల అరవై. మీరు తిని ఉన్నారు," అంది గాదె.

"ఎవురింట్లో సంగటి మింగొస్తాండావో చెప్పు మే," అన్నాడు ఓబులేసు. "పెద్ద ముద్దే అయ్యుంటాది."

"అన్నం మీద ఒట్టు. నువ్వు మిగిల్చే మజ్జిగ తప్ప ఏం లే."

"ఒట్లు దానికి తెలీవు. దానికేమన్నా నీ మీద పగా?"

ఆమె పంపిన మూడో ఫిర్యాదు అందాక, ఆకలికొలతను తయారుచేసిన బృందం నుంచి రజియా వచ్చింది. హనుమక్క వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూసింది.

"తప్పు మాదే అక్కా. నీ మాదిరి చక్కెర జబ్బుతో ఇన్సులిన్ చాలనోళ్ళకు కడుపు మాడినా చక్కెర దిగదు. కాలేయమే దాన్ని రక్తంలోకి వదుల్తా ఉంటుంది. గాదె దాన్ని తిండి అనుకునింది."

తిండి లేక కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లను కూడా చదివేలా రజియా ఆ సెన్సర్‌ను సరిచేసింది.

"కీటోన్లు ఎక్కువ. అర తెరవని ఈ పదకొండు రోజులూ హనుమక్క గారు సరిగా తినలేదు," అంది గాదె. అర తెరుచుకుంది.

రజియా ఇన్సులిన్ సూది వేసింది. ముందు పలుచటి జావ తాగాలని, వెంటనే ఆస్పత్రిలో చూపించుకోవాలని చెప్పి వెళ్ళింది.

జావ ఓబులేసే కాచాడు. గ్లాసులో పోసి, ఊది చల్లార్చి తెచ్చి భార్య చేతికిచ్చాడు.

"పదకొండు దినాలంట మే. నిజంగానే తినలేదంట నువ్వు," అన్నాడు, ఆమెకు తెలియని సంగతి చెబుతున్నట్టు. "ఇంక ఎవురన్నా ఏమన్నా అంటే నేనే చెప్తా. గాదే చెప్పిందని."

హనుమక్క ఒక్కో గుటకే తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. తన బట్టలు మూట కట్టుకుని, చెప్పులు తొడుక్కుని ఇంట్లోంచి వెళ్ళిపోయింది.