గంగామణి నేర్పిన టర్కీ భాష

"పుస్తకాలంటె కితాప్‌లెర్ కాదు, కితాప్‌లార్," గంగామణి చేతిలో కత్తెర ఊపుతూ దిద్దింది.

దేవిదాస్‌కు ఉక్రోషం వచ్చింది. వచ్చే నెల బొంబాయిలో, టర్కీ కంపెనీలో స్టోర్‌కీపర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. గంగామణి తండ్రి రాజారాం సౌదీలో టర్కీవాళ్ల క్యాంపులో వంటచేసి వచ్చినవాడు. ఆయన దగ్గర భాష నేర్చుకుందామని ఆదివారాలు నిజామాబాద్ నుంచి బోధన్‌కు వస్తుంటే, ఆయన కూతురికి అప్పజెప్పాడు. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే పాఠం చెబుతుంది.

"ఇండ్లు అంటె ఎవ్‌లెర్ అన్నవ్. గాడ లెర్, గీడ లార్ ఎందుకు?"

"పిల్లికి అంటం, కుక్కకు అంటం. గాడ కి, గీడ కు ఎందుకు?"

దేవిదాస్ రెండూ పైకి అని చూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అంటున్న మాటలే, ఎన్నడూ పట్టించుకోలేదు.

"నోరు దానంతటదే తిరుగుతది," అన్నాడు ఆశ్చర్యంగా.

"టర్కోల్లకు గూడ గంతే. మాటల ఎ ఉంటె తోక లెర్, ఆ ఉంటె లార్. ఎన్ని తోకలు తగిలిచ్చినా ముందుదాని వెంబడే పోవాలె. ఎవ్ ఇల్లు. ఎవిమ్ నా ఇల్లు. ఎవిమ్‌దె నా ఇంట్ల. ఒడా అంటె గది, అర్ర. ఒడామ్ నా అర్ర. ఒడామ్‌దా నా అర్రల."

"మీ ఇంట్ల అనాల్నంటె?"

"మా ఇంటి ముచ్చట నీకెందుకు?"

ఇంతలో తల్లి నాగవ్వ వచ్చింది. "పాఠం ఆపు బిడ్డా. నందిపేటోల్లు నిన్ను సూడొచ్చిండ్రు."

 దేవిదాస్ వెళ్లిపోకుండా అరుగు మీదే కూర్చుండిపోయాడు. బీడీలు చుట్టే ఇళ్లలో పిల్లను చూడటమంటే ముందు బీడీ చుట్టే చెయ్యి చూడటమే. పిల్లగాని మేనత్త ఆకు అందించింది. పనితనాన్ని వాడకట్టంతా మెచ్చుకునే గంగామణి చేతిలో దారం జారింది, తంబాకు రాలింది. రెండోదీ అంతే. వచ్చినవాళ్లు చాయ్ తాగి వెళ్లిపోయారు. నాగవ్వ నెత్తి కొట్టుకుంటూ పెరట్లోకి పోయింది.

"జెరమొచ్చిందా?" అడిగాడు దేవిదాస్.

"లేదు."

"మరి గట్లెందుకు సుట్టినవ్?"

"అన్నీ అడుగుతవ్. అడగాల్సింది అడుగవ్."

అతనికి అప్పుడు అర్థమై చెవులు వేడెక్కాయి. "కొలువు దొరికినంక అడుగుదమనుకున్న."

"కొలువు దొరికితె పోతవ్. గప్పటిదాంక నేను బీడీలు చెడగొట్టుకుంట కూసోవాల్నా?"

దేవిదాస్ లేచి నేరుగా పెరట్లోకి నడిచాడు. "అత్తా, గంగామణిని నాకిస్తరా? పెండ్లి జేసుకునే బొంబాయి పోత."

నాగవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని అతన్ని ఎగాదిగా చూసింది. "బీడీ సుట్టరాని పిల్లను ఏం జేసుకుంటవ్ కొడుకా?"

"నేను బీడీ తాగ, అత్తా."