గాటు మీద ప్లాస్టర్

"పంతొమ్మిది మంది," అన్నాడు చీఫ్ ఫైలు మూస్తూ. "విదేశాల్లో ఉన్న మన ఏజెంట్లు. శత్రువుల ముఠా వాళ్ల పేర్లు రాబట్టింది. రేపు పొద్దున అందర్నీ ఒకేసారి లేపేస్తారు. వందల మందిలో ఆ పంతొమ్మిది ఎవరెవరో తెలిస్తేనే వెనక్కి పిలవగలం. జాబితా ఒక ఫ్లాపీ డిస్కులో ఉంది. అది మాయమైతే పని ఈరోజే కానిచ్చేస్తారు. కాబట్టి కాపీ తీసి, ఉన్నచోటే పెట్టేయాలి."

డిపార్ట్‌మెంటంతా పిన్ని అని పిలిచే ఏజెంటు కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో మోకాళ్లు అరిగాయి గానీ భయం అరగలేదు.

"అందులో మా తమ్ముడున్నాడా సార్?"

"డిస్కు వస్తేగానీ తెలీదు, పిన్నీ."

ఒంటిగంటకు ఆమె కంప్యూటర్ రిపేరు మనిషి వేషంలో ముఠా నడిపే ఆఫీసుకు వెళ్లింది. మేనేజరు భోజనానికి వెళ్లాడు. ఒకటిన్నరకు వచ్చేస్తాడు. తలుపు తీసిన అందగత్తె అక్కడ రెండేళ్లుగా సెక్రటరీగా నటిస్తున్న మన మనిషి, మారుపేరు నెమలి. గదంతా ఆమె సెంటే.

"రిబ్బన్ తెచ్చావా?"

"నల్లదే దొరికింది."

కోడ్ కలిసింది. నెమలి గుమ్మం దగ్గర కాపలా నిలబడింది. పిన్ని లిప్‌స్టిక్ గొట్టంలోని సన్నటి తాళంచెవితో సొరుగు తెరిచి ఫ్లాపీ తీసింది. దాని అంచున చిన్న గాటు ఉంటుంది. దాన్ని మూసేస్తే మెషిన్ ఆ డిస్కును చదవగలదు గానీ దాని మీద రాయలేదు. చెయ్యి జారితేనో అన్న బెంగతో పిన్ని గాటు మీద ప్లాస్టర్ ముక్క అంటించింది.

ఉన్నది ఒకటే డ్రైవు. అసలు డిస్కు పెడితే కాస్త చదువుతుంది. తీసి ఖాళీది పెడితే కాస్త రాస్తుంది. అలా ఎనిమిది సార్లు. మొదటి కాపీకి పన్నెండు నిమిషాలు పట్టింది. నెమలి వచ్చి దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని టక్కున మూసింది.

"ఇంకోటి తీస్తా."

"ఒక్కటి చాల్లే అక్కా! నీకన్నీ అనుమానాలే."

"అది పోతేనో? నాకు ఒక్కగానొక్క తమ్ముడమ్మా."

"సరే లే, జరుగు. నేను మారుస్తా."

మెషిన్ అసలు డిస్కు అడిగితే నెమలి ఖాళీది తోసింది. ఖాళీది అడిగితే అసలుది తోసింది. డ్రైవు గరగరమని ఆగిపోయింది. తెర మీద అక్షరాలు: రైట్ ప్రొటెక్ట్ ఎర్రర్. ప్లాస్టర్ ఉన్న డిస్కు మీద రాయనంటోంది మెషిన్.

పిన్ని నిట్టూర్చింది. "రెండేళ్లుగా రోజూ చేసే పనే కదా. ఇది పొరపాటు కాదమ్మాయ్."

నెమలి చేతిలోకి పిస్టల్ వచ్చింది. "జాబితా చెరిగిపోయేది, తప్పు నీ మీద పడేది. మీకూ ముఠాకూ, నేను రెండు వైపులా మంచిదాన్నయ్యేదాన్ని. చెడగొట్టావ్."

పిన్ని డ్రైవు తుడిచే స్ప్రే సీసాను ఆమె మొహానికేసి నొక్కింది. అందులో ఉన్నది మత్తుమందు. నెమలి కుర్చీలోకి వాలిపోయింది. పిస్టల్ దాచడానికి ఆమె బ్యాగు తెరిచి చూస్తే దాని మూతకున్నది అయస్కాంతం. మొదటి కాపీ అప్పుడే చెరిగి చచ్చింది.

టైము ఒకటీ పద్దెనిమిది. మళ్లీ మొదటినుంచి. ఏడో మార్పిడికి మెట్ల మీద మేనేజరు బూట్లు వినపడ్డాయి. ఎనిమిది. ప్లాస్టర్ పీకింది, అసలు డిస్కు సొరుగులో పెట్టింది, తాళం తిప్పింది, కాపీ సంచిలో వేసుకుంది. తలుపు తెరుచుకుంది.

"మీ సెక్రటరీకి కళ్లు తిరిగాయండీ. పాపం, సాయంత్రం దాకా లేపకండి," అని చెప్పి, నొప్పిపెడుతున్న మోకాళ్లతో మెట్లు దిగింది.

సాయంత్రం చీఫ్ ఫోను పెట్టేశాడు. "పంతొమ్మిది మందీ విమానాలెక్కారు. మీ తమ్ముడి పేరు ఇందులో లేదు. ఇంక ఇంటికెళ్లి పడుకోండి."

పిన్ని కదల్లేదు.

"ఇంకో కాపీ తీసి, అందులో కూడా ఒకసారి చూడండి సార్."