నెయ్యి గుంట

పొద్దున్నే పొరుగింటి మొగులమ్మ తెచ్చిచ్చిన మలీద ముద్దను చూసి, కొండమ్మ చేతిలోని చాట కింద పెట్టేసింది. రొట్టె నలిపి బెల్లం కలిపి కట్టిన ముద్ద. నడిమధ్య బొటనవేలితో నొక్కిన గుంట, ఆ గుంట నిండా నెయ్యి. అలా కట్టేవాళ్లు దౌల్తాబాద్‌లో ఇంకెవరూ లేరు. నెయ్యి కారిపోతుందని చిన్నప్పుడు కూతురు నాగరాణి ఏడిస్తే, కొండమ్మే మొదలుపెట్టిన పద్ధతి అది.

"యాడ కొన్నవే?"

"తాండూరు బస్టాండు కాడ. పాతకాలం మలీద అని నాలుగు దినాలకు గుడారమేసిన్రు. ఇయ్యాల్నే ఆఖరట."

కొండమ్మ చీర మార్చుకుంది. "గది నా బిడ్డ చెయ్యి. నేను పోతున్న."

"ఆసిఫ్‌ను చేసుకున్ననాడే అది సచ్చింది. పేరెత్తకు," అన్నాడు ఆమె మొగుడు భీమప్ప. కూతురి చేతి తిండి ముట్టనని గొర్రెల మంద మీద ఒట్టేసుకున్న మనిషి.

"నీ పంతం నువ్వే కట్టుకొని కూసో!"

బస్సెక్కాక చూస్తే, వెనక సీట్లో గొంగడి కప్పుకుని అతనూ ఉన్నాడు. కొండమ్మ ముందుకు తిరిగి కూర్చుంది. మెత్తబడుతున్న పంతాన్ని కదిలించకూడదని ఆమెకు తెలుసు.

గుడారంలో నాగరాణి లేదు. ఆసిఫ్ తల్లి జహీరాబీ ముద్దలు కడుతోంది. వీళ్లెవరో ఆమెకు తెలియదు.

"గీ గుంట పెట్టుడు ఎవరు నేర్పిన్రక్కా?" అడిగింది కొండమ్మ.

"మా కోడలు. పీర్ల పండుగకు మేమూ మలీద చేస్తం. గుంట లేకుంటే గది మలీదనే కాదంటుండె."

"యాడుంది?"

జహీరాబీ చేతులు ఆగిపోయాయి. "లేదమ్మా. పోయిన వానకాలం జెరమొచ్చి పాణం పోయింది. అమ్మ కావాలె, అమ్మ కావాలె అన్నది. మా ఆసిఫ్ ఊరికి ఉరికిండు. పేరు చెప్పంగనే వాళ్ల నాయిన తలుపేసిండట."

కొండమ్మ గిర్రున మొగుడి వైపు తిరిగింది.

"వచ్చిండా?"

"వచ్చిండు. నువ్వు చేన్ల ఉన్నవ్." భీమప్ప ఉన్నచోటే కూలబడ్డాడు. "ఎందుకొచ్చిండో అడగలే. మాటనే ఇనలే."

వాళ్లెవరో జహీరాబీకి అప్పుడు అర్థమైంది. కళ్లు తుడుచుకుని పళ్లెం జరిపింది.

"ఒక్క ముద్దకే మిగిలింది వదినా. నువ్వు కట్టు."

కొండమ్మ కట్టింది. గుంట నొక్కి, నెయ్యి పోసి, అలవాటుగా కుడిపక్కకు చేయి చాపింది. నాగరాణి ఎప్పుడూ కూర్చునేది అటువైపే. ఇప్పుడక్కడ భీమప్ప ఉన్నాడు.

రెండు చేతులా అందుకున్నాడు గానీ నోటిదాకా తేలేకపోయాడు. ముద్ద ఒరిగి నెయ్యి వేళ్ల మీదికి జారింది.

"జర పట్టుకో కొండమ్మా, కారిపోతున్నది," అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.